వట్టిపోయిన గోవు, విరిగిన కారు

కఠోపనిషత్తులోని నచికేతుని కథను తరగతిలో చెప్పినప్పుడెల్ల ఎవడో యొక విద్యార్థి లేచి ఒకే ప్రశ్న అడుగుచుండును. వాజశ్రవసుడు యజ్ఞము చేసి తనకున్న సర్వస్వమును దానమీయ సంకల్పించెను. తీరా దక్షిణగా తోలుకొని పోవు ఆవులను చూతుము గదా, అవి యన్నియు పాలుడిగి, ఈనిక ఉడిగి, ఇక మేతకును నీటికిని కూడ ఓపిక లేని ముసలి గొడ్లు. కొడుకు చూచి తండ్రి కొరకు సిగ్గుపడెను. "నన్నెవ్వరి కిత్తువు?" అని మాటిమాటికి అడిగి తండ్రికి కోపము తెప్పించెను. తరువాతి కథ అందరెరిగినదే. విద్యార్థి ప్రశ్న ఇది: "ముసలివైనా ఇచ్చాడు కదండీ! అసలు ఇవ్వనివాడి కంటె నయం కాదా?"

ఇరువది అయిదేండ్లుగా నేనొకే సమాధానము చెప్పుచు వచ్చితిని. "నాయనా, తనకు అక్కరలేనిది ఇచ్చుట దానము కాదు, వదలించుకొనుట." ఇది వినుటకు గంభీరముగా నుండును. విద్యార్థి కూర్చుండును, నేను పుట త్రిప్పుదును. ఆ సమాధానమును నేను నిజముగా ఆలోచించి చెప్పలేదని 2023 వేసవిలో మా అమ్మాయి కారు విరిగినప్పుడు గాని నాకు తెలిసి రాలేదు.

ఆ సంవత్సరము మే నెలలో నేనును మా యింటావిడయు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున, డాలసు నగరము చేరువ ఉద్యోగము చేయుచున్న అమ్మాయి యింటికి వెళ్ళితిమి. ఆ ప్రాంతమున కారు లేనిదే పాలు తెచ్చుకొనుట కూడ కష్టము. కాలినడక త్రోవయే లేని వీధులు పెక్కులు. ఆమెకున్నది 2009 నాటి టయోటా కొరోలా. చదువుకొను దినములలో, తనకు ముందు చదివి వెళ్ళిపోవుచున్న మరియొక తెలుగు విద్యార్థి వద్ద కొన్నది. ఆమె చేతికి వచ్చునప్పటికే లక్ష మైళ్ళు తిరిగిన బండి. అటుపైన అది చేసిన చాకిరికి లెక్క లేదు. మన దేశము నుండి క్రొత్తగా దిగిన పిల్లలను విమానాశ్రయము నుండి తెచ్చినది. బియ్యపు బస్తాలు మోసినది. ఇల్లు మారు స్నేహితురాండ్ర పరుపులను నెత్తి కెత్తుకొన్నది. వాహనము నడపుటలో పరీక్షకు పోవు వారు నలుగురైదుగురు దాని మీదనే నేర్చిరి. మన యూళ్ళలో ఒక్కొక్క యింట ఒక పెద్ద బిందె ఉండును. వీధిలో పెండ్లి యెక్కడ జరిగినను అది అక్కడ నుండవలసినదే. ఈ కారు ఆ బిందె వంటిది.

ఒక వానకారు సాయంకాలమున, కార్యాలయము నుండి వచ్చుచు, దీపము వద్ద ముందున్న బండి ఆగుట చూచి కూడ అమ్మాయి ఒక్క క్షణము ఆలస్యముగా బ్రేకు వేసినది. దైవకృప వలన ఎవరికిని దెబ్బ తగులలేదు. కాని కారు ముందు భాగము నలిగిపోయెను. బానెట్టు మడతపడెను. రేడియేటరు పగిలి రంగునీరు రోడ్డు మీద పారెను. లోపలి గాలిసంచులు రెండును విచ్చుకొని వ్రేలాడెను. పాత బండి గదా యని ఆమె, ఎదుటివారి నష్టమునకు మాత్రము చెల్లునట్టి, చట్టము తప్పనిసరి చేసిన బీమా మాత్రమే తీసికొన్నది. తప్పు తనది కావున తన కారుకు బీమా నుండి ఒక్క డాలరు కూడ రాదు. బాగుచేయుటకు అడిగిన మొత్తము కారు ఖరీదును మించెను. ఆ గాలిసంచులు మార్చుట ఒక్కటియే పెద్ద ఖర్చట.

తుక్కు కొనువాడొకడు ఫోనులోనే మూడువందల డాలర్లు ఇత్తుననెను. అమ్మాయి ఒకరాత్రి ఆలోచించి మరునాడు ఉదయము, "దీన్ని దానం ఇచ్చేస్తాను నాన్నగారూ" అన్నది.

"ఎవరికి?"

"రేడియోకి."

ఆమె చెప్పినది మన ఆకాశవాణి వంటి ప్రభుత్వ రేడియో గాదు. అక్కడ శ్రోతల చందాల మీద బ్రతుకు రేడియో కేంద్రములు ఊరూర నున్నవి. ఉద్యోగమునకు పోవు నలుబది నిమిషములును ఆ కారులో ఆమె వినునది అటువంటి కేంద్రమునే. ఆ దేశమున విరిగిన కార్లకును రేడియోకును ఉన్న చుట్టరికము కొంత వింతయైనది. బోస్టను నగరమున టామ్ మాగ్లియోజీ, రే మాగ్లియోజీ అను మెకానిక్కు సోదరులిద్దరు "కార్ టాక్" అను కార్యక్రమమును ఏండ్ల తరబడి నడపిరి. ఎవరి కారు ఏ విధముగా మూలుగుచున్నదో వారు ఫోనులో అనుకరించి చూపుట, సోదరులు పగలబడి నవ్వుట, నవ్వు నడుమ వైద్యము చెప్పుట, ఇదే దాని తీరు. పెద్దవాడు టామ్ 2014లో గతించెను. పాత కార్లను రేడియో కేంద్రములకు దానమిచ్చు ఏర్పాటొకటి వారి కార్యక్రమము పేరు మీదనే సాగినది.

ఇదంతయు అమ్మాయి ఉత్సాహముగా చెప్పినది. నాకు మాత్రము వాజశ్రవసుడు జ్ఞాపకమునకు వచ్చెను. "అమ్మా, కదలని కారును ఒకరి నెత్తిన పెట్టి దానమంటే బాగుంటుందా? ఉన్న మాట చెప్పి తుక్కువాడికి అమ్మి ఆ డబ్బు ఇవ్వు" అంటిని. ఆమె నవ్వి, "వాళ్ళు కారు అడగటం లేదండీ. ఇంజను పనిచేస్తుందా, గాలిసంచులు విచ్చుకున్నాయా, చక్రాలు తిరుగుతాయా, అన్నీ ముందే అడిగారు. లేదు, అవును, తిరుగుతాయి అని చెప్పాను. అయినా తీసుకుంటామన్నారు" అన్నది.

నాకు నమ్మకము కుదరలేదు. చేయుటకు వేరే పని యేమియు లేని తండ్రిని గదా, ఆ దేశపు కారు దానముల పుట్టుపూర్వోత్తరములు విచారింప మొదలిడితిని.

అక్కడ ధర్మసంస్థలకు ఇచ్చిన వస్తువుల విలువను ఆదాయము నుండి మినహాయించి పన్ను లెక్క కట్టుకొను వీలు చిరకాలముగా నున్నది. 2000వ సంవత్సరపు లెక్కలలో సుమారు 7,33,000 మంది తాము వాహనములు దానమిచ్చితిమని వ్రాసికొని, ఆ పేరిట దాదాపు 65 కోట్ల 40 లక్షల డాలర్ల పన్ను తగ్గించుకొనిరి. ఆ దేశపు కాంగ్రెసుకు లెక్కలు చూచి పెట్టు కార్యాలయము 2003 నవంబరులో ఈ సంగతిని బయటపెట్టెను. వారు ఏబది నాలుగు దానములను ఏరికొని, దాత వ్రాసికొన్న విలువయెంత, తుదకు ధర్మసంస్థకు ముట్టినదెంత అని ప్రక్కప్రక్కన పెట్టి చూచిరి. మూడింట రెండువంతుల దానములలో సంస్థకు ముట్టినది దాత వ్రాసికొన్న దానిలో నూటికి అయిదు పాళ్ళు, లేదా అంతకంటెను తక్కువ.

ఎట్లు జరిగినది? దాత ధరల పుస్తకము తెరచి, తన కారు వంటిదే మంచి స్థితిలో నున్నచో ఎంత పలుకునో ఆ అంకె వ్రాసికొనును. తన కారు మంచి స్థితిలో లేదన్న సంగతి ఆ క్షణమున మరచును. కారు వేలములో దానికి తగిన ధరకే పోవును. ఆ వచ్చిన దానిలో లాగుకొని పోయిన బండి కూలి, వేలము వారి రుసుము, ప్రకటనల ఖర్చు, నడుమ నిలిచి వ్యవహారము నడపిన వర్తకుని వాటా తీసివేయగా మిగిలినది ధర్మమునకు. దాత పుస్తకములో వేయి వ్రాసికొన్నచో సంస్థ పెట్టెలో ఏబది పడును. నడుమ నున్న తేడాకు పన్ను ఖజానా చెల్లు. మన వారు అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లందురే, సరిగా అదే.

ఇక్కడ నాకు మొదటి వెలుగు కనబడెను. ఆ కార్లు ముసలివగుట వలన తప్పు రాలేదు. ముసలి ఆవునకు పాడి ఆవు వెల కట్టుకొనుటలో వచ్చినది.

2004లో ఆ దేశపు శాసనసభ దీనిని చక్కదిద్దెను. 2005 జనవరి నుండి నడచుచున్న నియమమును పామరభాషలో చెప్పవలెనన్నచో ఇట్లు: ఆవు సంతలో ఎంత పలికినదో పుణ్యము అంతే. సంస్థ కారును అమ్మగా అయిదువందల డాలర్లకు మించి వచ్చినచో, దాత తన లెక్కలో వ్రాసికొనదగినది ఆ అమ్మిన ధరనే. అమ్మిన ముప్పది దినములలో సంస్థ ఆ ధర వేసిన పత్రము దాతకు పంపవలెను. అయిదువందలు, అంతకు లోపు పలికినచో, కారు అసలు విలువయో అయిదువందలో, రెండింటిలో ఏది తక్కువయో అది. ఈ నియమము వచ్చిన వెంటనే దానముల సంఖ్య చాల తగ్గిపోయెనట! ఆ తగ్గినవారి దానగుణమును గూర్చి నేను వేరుగ వ్రాయ నక్కరలేదు.

ఈ చట్టములో నాకు మిక్కిలి నచ్చినది దాని మినహాయింపుల భాగము. సంస్థ కారును అమ్మక తానే నిజముగా వాడుకొన్నచో, అనగా బీదలకు భోజనములు చేరవేయుటకు ఏడాది పొడుగున నడపుట వంటి పనికి వాడినచో, దాత పూర్తి విలువ వ్రాసికొనవచ్చును. పెద్ద మరమ్మతు చేసి దాని విలువను పెంచినను అట్లే. కడిగి రంగు వేయుట మాత్రము మరమ్మతు కాదని స్పష్టముగా చెప్పిరి. అక్కరగల బీదకుటుంబమునకు ఉచితముగానో, బజారు ధర కంటె మిక్కిలి తక్కువకో ఇచ్చినను అట్లే. పన్ను చట్టము వ్రాసిన గుమాస్తా యెవరో గాని, మన ధర్మశాస్త్రకారుల వలె పాత్రతను గూర్చి యోచించిన మనిషి.

ఆ మూడవ దారిన నడచు సంస్థలు కొన్ని కలవు. వెర్మాంటు రాష్ట్రములోని బర్లింగ్టనున 1996లో "గుడ్ న్యూస్ గ్యారేజ్" అనునది మొదలాయెను. దానముగా వచ్చిన కార్లను బాగుచేయించి, ఉద్యోగమునకు పోవ వాహనము లేని పేదల కిచ్చుట దాని పని. మేరీలాండులో 1999లో వెలసిన "వెహికిల్స్ ఫర్ చేంజ్" అను సంస్థ మరియొక అడుగు ముందుకు వేసి, చెరసాల నుండి విడుదలయైన వారికి ఆ కార్ల మీదనే మరమ్మతు పని నేర్పుచున్నది. బస్సులేని ఊరిలో కారు లేని తల్లికి ఉద్యోగము దొరకదు. ఉద్యోగము లేనిదే కారు కొనలేదు. ఈ చిక్కుముడిని విప్పుటకు ఒక పాత కారు చాలును. అయితే ఇట్టి సంస్థలు కూడ వచ్చిన ప్రతి కారును బాగుచేయవు. ఖర్చుకు తగిన దానినే ఎన్నుకొని, తక్కిన వానిని అమ్మి ఆ పైకముతో పని నడపును. మా అమ్మాయి కొరోలాను ఏ గ్యారేజీ వారును బాగుచేయ దలచి యుండరు.

డబ్బు ఎటుపోవునన్న ప్రశ్న ఇంకను మిగిలియే యున్నది. రేడియోలలో పిల్లల పాట పాడించి కార్లు అడుగు ఒక పేరుపొందిన సంస్థను గూర్చి 2017లో మిన్నెసోటా రాష్ట్రపు అటార్నీ జనరల్ నివేదిక ప్రకటించెను. మూడు సంవత్సరములలో ఆ రాష్ట్రపు దాతల వలన సుమారు 30 లక్షల డాలర్లు వసూలు కాగా, ఆ రాష్ట్రపు పిల్లలకు చేరినది నూటికి ఒకటి కంటెను తక్కువయట. ఇచ్చినవారు తమ ఊరి పిల్లలకని యనుకొనిరి. పాటలో ఆ మాట లేదు, లేదనియు లేదు. కావున, సంస్థ యెవరిది, వచ్చిన సొమ్మును దేనికి వాడుచున్నది అని దాత విచారించుట అవమానించుట కాదు. అమ్మాయి ఆ పని చేసినది. రేడియో కేంద్రము ఏటేట లెక్కలు ప్రకటించును, ఆమె చదివినది. దానముగా వచ్చిన ఆవునకు పళ్ళు లెక్కింపరాదందురు గాని, ఆవును తీసికొను గృహస్థు యిల్లు చూచుకొనుటలో తప్పేమున్నది?

కారును తీసికొని పోవు దినము వచ్చెను. పొడవైన లాగుడు బండి యొకటి వచ్చి వాకిట నిలిచెను. అమ్మాయి యాజమాన్యపత్రము మీద, కొనువాని పేరుండు చోట ఖాళీ వదలక సంస్థ పేరు వ్రాసి, సంతకము చేసి యిచ్చినది. అంతటితో ఊరకొనక, యాజమాన్యము మారినదని రాష్ట్రపు వాహనశాఖకు కూడ ఆ రాత్రియే తెలిపినది. తెలుపకున్నచో రేపు ఆ కారుతో ఎవడే దోవ తప్పిన పని చేసినను నోటీసు ఈమె కే వచ్చును. బండివాడు ముందుచక్రములకు గొలుసు తగిలించి పైకి లాగుచుండగా మా యింటావిడ లోపలికి పోయి, కొంత సేపటికి గాని బయటికి రాలేదు. వాకిట చమురు మరక యొకటి మిగిలెను. అమ్మాయి దానిమీద సబ్బుపొడి చల్లి చాలసేపు రుద్దినది.

మేము తిరిగి వచ్చుటకు ముందే ఉత్తరము వచ్చినది. కారు వేలములో నాలుగువందల పది డాలర్లు పలికినదట. "అయితే నీకు పన్ను ఎంత తగ్గును?" అని నేనడిగితిని. "ఏమీ తగ్గదు నాన్నగారూ" అన్నది. 2017 నాటి చట్టము వలన ఆ దేశమున అందరికిని ఒకే మొత్తముగా ఇచ్చు మినహాయింపు దాదాపు రెట్టింపయ్యెను. ఆ తరువాత విడివిడిగా దానములు వ్రాసికొనువారు నూటికి పదిమంది వరకే. తక్కినవారికి కారు ఇచ్చినను ఇవ్వకున్నను పన్ను ఒకటే. అనగా తుక్కువాడు చేతికి ఇచ్చు మూడువందల డాలర్లను ఆమె ఊరకనే వదలుకొన్నదన్న మాట. క్రొత్త కారునకు కట్టవలసిన మొదటి వాయిదాకు ఇంకను సొమ్ము కూడని నెల అది. నేను తరగతిలో అక్కరలేనిది ఇచ్చుట దానము కాదంటిని. ఆమెకు ఆ మూడువందలు అక్కరలేనివి కావు.

విమానములో తిరిగి వచ్చుచు నచికేతుని కథను మనసులో మరల చదివికొంటిని. ఆవులు ముసలివగుట వాటి తప్పు కాదు. వానిని కలిగియుండుట వాజశ్రవసుని తప్పును కాదు. తీసికొనువాడు వానికి ఏమి చేయవలెను? ఇంటికి తోలుకొని పోవలెను. కొట్టము వేయవలెను. అవి బ్రతికినన్నాళ్ళు గడ్డి పెట్టవలెను. పాలీయని ఆవుకు కూడ గడ్డి కావలయును గదా. యజమాని తన యింటి బరువును దక్షిణ యను పేరుతో ఋత్విక్కు ఇంటికి మార్చి, స్వర్గము తనకని లెక్క వ్రాసికొన్నాడు. కొడుకునకు సిగ్గు కలిగించినది ఇదియే యని నాకిప్పుడు తోచుచున్నది. పండితులు వేరు విధముగా చెప్పినచో నేను వాదింపను. ఆ రేడియో కేంద్రపు వాకిట మాత్రము మా అమ్మాయి కారును ఎవ్వరును కట్టివేయలేదు. అది ఏ రూపున నుండెనో ఆ రూపుననే చెప్పబడి, ఆ రూపునకు తగిన వెలకు పోయి, వెల మాత్రమే వారికి చేరినది.

ఈ తర్కమంతయు ఒకరి కారు మీద, ఒకరి దేశమున చేసినది. మరుసటి యేడు నా వంతు వచ్చెను.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడ సింగునగరు ప్రాంతమును ముంచెత్తిన సంగతి ఆంధ్రదేశమున అందరెరుగుదురు. మా యిల్లు ఆ వైపుననే. నాకు 2006 నాటి మారుతి 800 యొకటి యుండెను. పదునైదేండ్లు నిండగా రిజిస్ట్రేషనును మరల అయిదేండ్లకు పొడిగించుకొని నడుపుకొనుచుంటిని. ఆ ఉదయము వీధిలో నీరు మోకాలికి వచ్చుచుండగా, కారును మెరక మీదికి చేర్చవలెనని తొందరపడి తాళము త్రిప్పితిని. నాలుగు గజములు కదలి, లోపల ఏదో కొట్టినట్లు ఒక్క చప్పుడు చేసి ఆగిపోయెను. గాలి పీల్చు గొట్టము నుండి నీరు సిలిండరులోనికి పోయినదట. గాలిని ఒత్తినచో ఒదుగును, నీరు ఒదుగదు. పైకి వచ్చు పిస్టను దానిని ఢీకొనగా, పిస్టనును పట్టుకొనియుండు ఇనుపకడ్డీ వంగిపోవును. ఇది మెకానిక్కు తరువాత చెప్పిన మాట. నేను కదపకున్నచో ఇంజను దక్కెడిదట. ఆ పైన కారు కొన్ని దినములు అద్దముల వరకు నీటిలో నిలిచెను. నా బీమా కూడ ఎదుటివారి నష్టమునకు మాత్రమే. కూతురు తెలివితక్కువను గూర్చి మరియొక దేశమున ఉపన్యసించి వచ్చిన తండ్రి సంగతి ఇది!

దగ్గరలో తలిదండ్రులు లేని పిల్లలకు వసతి నడపు ఒక పెద్దావిడను నేనెరుగుదును. కారును ఇత్తునని ఫోను చేసితిని. ఆమె మర్యాద తప్పలేదు. "మాస్టారూ, మీ మంచి మనసుకు సంతోషం. కాని నిరుడు ఒకాయన పాత వ్యాను ఇచ్చారు. పేరు మార్పించటానికి నాలుగుసార్లు తిరిగాం. దానికి టైర్లు వేశాం, బీమా కట్టాం. మూడు నెలలు నడిచి నిలిచిపోయింది. ఇప్పుడు పిల్లలు ఆడుకునే స్థలంలో ఉంది. తీసేద్దామంటే కాగితాలు ఇంకా ఆయన పేరునే ఉన్నాయి" అనిరి. ఆ పిల్లలాడుకొను స్థలమున నిలిచిన వ్యాను నా కండ్లకు కట్టెను. గడ్డి తినుచున్న వాజశ్రవసుని ఆవు అది.

ఆమె చెప్పిన కాగితముల సంగతి చిన్నది కాదు. మన దేశమున బండి యెవని చేతిలో నున్నను, రిజిస్ట్రేషను ఎవని పేర నున్నదో అతడే యజమాని యనియు, ప్రమాదము జరిగినచో పరిహారము బాధ్యత అతనిదే యనియు సుప్రీము కోర్టు 2018లో తీర్పు చెప్పినది. "పాపం, ఇచ్చేశాను గదా" యని చేతులు దులుపుకొన్న దాత ఏండ్ల తరువాత కోర్టు మెట్లు ఎక్కవలసి రావచ్చును. పన్ను మినహాయింపు ఆశ కూడ ఇక్కడ లేదు. 80జి అని అందరి నోళ్ళ నానిన విభాగము ధనరూపమున ఇచ్చిన దానినే లెక్కించినది గాని, వస్తువును లెక్కలోనికి తీసికొనలేదు. పాత బండ్లకు మన ప్రభుత్వము చూపిన త్రోవ 2021 నాటి తుక్కు విధానము. గుర్తింపు పొందిన కేంద్రమున బండిని అప్పగించినచో ఒక ధ్రువపత్రమిత్తురు. దానిని చూపి క్రొత్త సొంత బండి కొన్నప్పుడు రోడ్డు పన్నులో నూటికి ఇరువది అయిదు వరకు రాయితీ ఈయవచ్చునని నియమము. క్రొత్త బండి కొను తాహతు గలవానికి ఇది మేలే. నాకు ఆ యుద్దేశము లేదు.

నా పాతవిద్యార్థి యొకడు పారిశ్రామిక శిక్షణాలయమున మోటారు వాహనముల మెకానిక్కు పని నేర్పుచున్నాడు. వరద తగ్గిన తరువాత బురద ఎత్తుటకు సాయము వచ్చి, కారు చుట్టు రెండు మార్లు తిరిగి, "ఇది మాకిస్తారా మాస్టారూ?" అని అడిగెను. "నడవదు నాయనా" అంటిని. "నడిచేదైతే అక్కర్లేదండి. నడిచే ఇంజను మీద పిల్లలను చెయ్యి వెయ్యనివ్వం, పాడవుతుందని భయం. ఇది ఇక పాడవదు. ఊడదీసి బిగించి మళ్ళీ ఊడదీయవచ్చు" అనెను. ఇంతవరకు నేను బ్రతిమాలి ఇవ్వబోయిన వస్తువును మొదటిసారిగా ఒకరు నోరు తెరచి అడిగిరి.

అయినను అతడు షరతులు పెట్టెను. పెట్టినందుకు నేను సంతోషించితిని. బండి ఇక రోడ్డున నడువదని రవాణాశాఖకు నేనే వ్రాసి రిజిస్ట్రేషను రద్దు చేయించవలెను. పనికిరాకుండ పోయిన బండిని గూర్చి పదునాలుగు దినములలోగాని, వీలైనంత త్వరగా గాని యజమాని తెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 55వ విభాగమున నున్నదట. పెట్రోలును, బ్యాటరీని ముందే తీసివేయించవలెను. బండిని అక్కడికి చేర్చు కూలి నాది. సంస్థ రిజిష్టరులో "నడువని వాహనము, బోధనకు" అనియే వ్రాయుదురు. ఎంత విలువయో వ్రాయరు. ఈ నాలుగింటికిని ఒప్పుకొంటిని. కార్యాలయముల చుట్టు తిరుగుటకు మూడు నెలలు పట్టెను. దాని కథ వ్రాయుట నాకు విసుగు, చదువుట మీకు విసుగు.

సంక్రాంతి సెలవుల తరువాత ఒకనాడు అతడు పిలువగా చూడబోయితిని. నా కారు ఇటుకల మీద నిలిచియుండెను. తలుపులొక మూల, సీట్లొక మూల. ఇరువదిమంది పిల్లలు, ఎక్కువమంది చుట్టుప్రక్కల పల్లెలవారు, ఇంజను చుట్టు మూగి యుండిరి. ఒక బాలిక మోచేతుల వరకు నల్లని జిడ్డుతో, భాగములను వరుసగా గోనెపట్ట మీద పేర్చుచున్నది. ఆ కారులో మూడు సిలిండర్లుండును. మూడు కడ్డీలను ఆమె ప్రక్కప్రక్కన పెట్టినది. రెండు నిటారుగా నున్నవి. మూడవది విల్లు వలె వంగియుండెను.

"ఇదెట్లా వంగింది సార్?" అని ఆమె వారి గురువు నడిగెను. అతడు నావంక చూచి ఊరకుండెను. గురువును కాపాడవలెనని అతని తలంపు. నేనే చెప్పితిని, మోకాలిలోతు నీటిలో తాళము త్రిప్పిన వైనమంతయు. పిల్లలు నవ్విరి, ఆ బాలిక మాత్రము నవ్వక, నీరు ఏ గొట్టము గుండ పోయినదో చూపుమని గురువును అడిగి, వ్రేలితో ఆ దారి వెంట సిలిండరు వరకు నడచి వచ్చెను.

వంగిన ఆ కడ్డీని వారు గోడకు ఒక మేకున వ్రేలాడదీసిరి, ప్రక్కన నిటారు దానినొకటి పెట్టి. క్రింద చీటీ అంటించిరి: "వరద నీటిలో స్టార్టు చేసిన ఇంజను, మారుతి 800." దాత పేరు వ్రాయుమా అని అతడు అడుగగా వలదంటిని.